గట్టిమేళంలో తెగిన ఊపిరి

పలమనేరులో ఒక పెళ్ళి. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అని అరిచాడు. నేను నాదస్వరం ఎత్తాను. మూడు ముళ్ళు పడేదాకా ఆ మోత తెగకూడదు. ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా పెళ్ళివాళ్ళ చెవిన పడకుండా ఉండడానికే ఆ మేళం. పెళ్ళికొడుకు మొదటి ముడి వేశాడు. రెండో ముడి దగ్గర నా ఊపిరి ఆగింది. సన్నబడి ఆగలేదు, కరెంటు పోయినట్టు ఆగింది. వేళ్ళు రంధ్రాల మీద ఆడుతూనే ఉన్నాయి, గాలి మాత్రం లేదు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒక పెద్దాయన తుమ్మాడు. ఆ తుమ్ము బెంగళూరులో కూడా వినపడి ఉంటుంది.

డోలు వాయించే మునిరత్నం నా భార్య తమ్ముడు. డోలు పగిలేటట్టు బాది మిగతా ముళ్ళు వాడే దాటించాడు. వ్యాన్‌లో తిరిగొస్తూ అడిగాడు.

"ఏంది బావా, నిద్రపోయినావా?"

"గాలి రాలేదప్పా."

"పలమనేరులో గాలికి కరువా? ఆవులు గూడా స్వెట్టర్ అడిగే ఊరు గదా అది!"

నేను నవ్వాను. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు చిత్తూరులో మొదలై రేణిగుంటలో మా ఇంటి గుమ్మం దగ్గర ఆగింది.

నా ఊపిరి గురించి మీకు చెప్పాలి. చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో జనం నన్ను పిలిచింది రాగజ్ఞానం చూసి కాదు, దమ్ము చూసి. నేను ఒక స్వరం పట్టుకుంటే వంటవాళ్ళు సాంబారు దించి, వడ్డించి, విస్తళ్ళు ఎత్తేసేవాళ్ళు, స్వరం ఇంకా అక్కడే ఉండేది. ఈ దమ్ము మా నాయన పెట్టిన భిక్ష. నా చిన్నప్పుడు రేణిగుంట జంక్షన్‌లో బొగ్గు ఇంజిన్లు ఉండేవి. నాయన నన్ను ప్లాట్‌ఫారం చివర నిలబెట్టి, "సూడు, పొగ ఎంత నిదానంగా వదలతాదో. నువ్వూ అట్లే ఊదల్ల" అనేవాడు. ఆ బొగ్గు వాసన నాకు మల్లెపూల కంటే ఇష్టం. ఇంజిన్ వెళ్ళిపోయాక నా ముక్కులో మిగిలిన మసిని కడుక్కోవడానికి కూడా మనసొప్పేది కాదు.

సాధకం మాత్రం మిద్దె మీద. తెల్లవారకముందే ఎక్కేవాళ్ళం. తిరుమల కొండలు చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా కనబడేవి. నాయన ఒకే స్వరాన్ని సాగదీసేవాడు, నేను వెనకాల ఒత్తు, అంటే తెగని శ్రుతి, పట్టేవాణ్ణి. గాలి తడిగా, తియ్యగా ఉండేది. ఒక గుక్క పీలిస్తే టిఫిన్ అక్కర్లేదనిపించేది. కిందనుంచి అమ్మ, "నా ఇడ్లీలు మీ నాదస్వరం తింటాదా?" అని అరిచేది.

ఇప్పుడు మా ఇంటి వెనక పొలాల అవతల ఒక కర్మాగారం ఉంది. దాని సొంత కరెంటు కోసం బొగ్గు మండించే ప్లాంటు పెట్టుకున్నారు. పొగగొట్టం ఎంత ఎత్తంటే, దాని కొసన నిలబడితే వెంకన్నకు ఎదురుగానే మొక్కుకోవచ్చు. బూడిద లారీలు మా వీధి మీదుగానే పోతాయి. సుగుణ, అంటే నా భార్య, ఆరేసిన తెల్ల పంచె మధ్యాహ్నానికి ఏనుగు తోలు రంగుకు వస్తుంది.

ఊపిరి తగ్గిందని తెలిశాక నేను ఏం చేశానో వినండి. ఇది మేళం వాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టదు. దమ్ము తగ్గితే మాకు ఒకటే వైద్యం: ఇంకా ఊదడం. తెల్లవారుజామున, ఆరుబయట, గుండెనిండా పీల్చి, పట్టుకుని, వదలడం. నాయన నేర్పింది అదే. చలికాలం మొత్తం మిద్దె ఎక్కాను. చుట్టూ పొగమంచు. ఎంత మంచో అనుకున్నాను.

"ఏమయ్యా," అంది సుగుణ ఒక పొద్దున. "మిద్దెక్కేటప్పుడు మనిషివే, దిగేటప్పుడు పిల్లికూతలతో దిగతాండావు."

"అది సాధకం అలుపు."

"ఆ కూతకు పక్కింటి పిల్లి వచ్చి మన వాకిట్లో కూసుండాది. దానికి తెలిసింది నీకు తెలీలేదు."

దగ్గర్లోని డాక్టరు సిరప్ ఇచ్చాడు. ఆ సిరప్ తాగిన లెక్క చూస్తే స్వర్ణముఖి ఏట్లో ఒక పాయ పారాలి. తగ్గలేదు. చివరికి మునిరత్నం నన్ను తిరుపతిలో ఆసుపత్రికి లాక్కుపోయాడు.

ఎక్స్‌రే తీశారు. తర్వాత పీఎఫ్‌టీ అన్నారు, ఊపిరి బలం కొలిచే పరీక్ష. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి ఊదమనడం. నాకు నవ్వొచ్చింది. నన్ను ఊదమంటారా! మిషన్ పగిలితే నాది బాధ్యత కాదని ముందే చెప్పాను.

"ఊదండి సార్, ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి, ఆపకండి!"

మిషన్ దగ్గరున్న అమ్మాయి నా కంటే ఎక్కువ ఊపిరి ఖర్చు పెట్టింది. తెర మీద గీత గోడ మీదనుంచి జారిపడ్డట్టు కిందికొచ్చింది.

"ఏం పని చేస్తారు సార్?"

"ఊదడమేనమ్మా."

ఆమెకు నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. మునిరత్నం మాత్రం తల వంచుకున్నాడు. వాడు జోకు వెయ్యని క్షణం నేను చూడడం అదే మొదలు. అప్పుడు భయమేసింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది. "సిగరెట్? బీడీ?"

"అన్నం, నాదస్వరం తప్ప నోట్లో ఏదీ పెట్టలేదమ్మా."

"కట్టెల పొయ్యి?"

"గ్యాస్."

"ఇంటి దగ్గర ఫ్యాక్టరీలు?"

చెప్పాను. పొద్దున్నే ఏం చేస్తారని అడిగితే నా సాధకం గురించి గొప్పగా వర్ణించాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"చలికాలం తెల్లవారుజామున పొగ పైకి పోదు, కిందే పడుంటుంది. మామూలు మనిషి పైపైన పీలుస్తాడు. మీరు లంగ్స్ అడుగుదాకా లాగి పట్టుకుంటున్నారు. ఇది సీఓపీడీ, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు. ఆ బూడిద ఒక్కటే చేసిందని నేను చెప్పలేను. కానీ ఇప్పుడు ఆ గాలి మీకు పడదు. ఆ సాధకం ఆపండి."

"మళ్ళీ గట్టిమేళం ఊదగలనా అమ్మా?"

"ముందు ఇన్‌హేలర్ మానకుండా వాడండి. తర్వాత చూద్దాం."

ఆ 'చూద్దాం' నన్ను తినేసింది. ఊదడం పోతే నేనెవరు? పెళ్ళిలో భోజనానికి వచ్చిన ఇంకో మనిషిని.

మందు పనిచేసింది. మెట్లెక్కితే రొప్పు తగ్గింది. అంతలో ఒక పొద్దున గాలి తిరిగి ప్లాంటు పక్కన పోసిన బూడిదకుప్ప మా వీధిలోకి లేచొచ్చింది. కిటికీ మూసేలోపు నా ఛాతీ మూసుకుపోయింది. మేళం వ్యాన్‌లోనే ఆసుపత్రికి తీసుకుపోయారు. 'ఎక్సాసర్బేషన్' అన్నారు, అంటే జబ్బు ఒక్కసారిగా ముదరడం. ఆక్సిజన్, నెబులైజర్. ఆ మాస్కులో నేను ఒత్తు కంటే ఘోరంగా మోగుతున్నాను. నాలుగు బెడ్ల అవతలనుంచి ఎవరో పలికారు.

"ఏమప్పా సుబ్రమణ్యం, నీ మేళం ఈడికే తెచ్చినావా?"

మా వీధి చెంగమ్మ. అప్పడాలు చేసి మిద్దె మీద ఎండబెట్టే మనిషి.

"నువ్వేంది అక్కా ఈడ?"

"నీకు ఒత్తు పట్టేదానికి వచ్చినా." నవ్వబోయి దగ్గింది. నవ్వు ఆపుకోలేక నేనూ దగ్గాను. నర్సు వచ్చి ఇద్దర్నీ కసిరింది.

ఆ వార్డు నుంచి వచ్చాక మా వీధిలో ఇంకా ఎంతమంది దగ్గుతున్నారో లెక్క అర్థమైంది. సుగుణ ఇల్లిల్లూ తిరిగి ఆరేసిన తెల్ల పంచెలు పోగుచేసింది. ఆడవాళ్ళందరూ వాటిని కర్మాగారం గేటుకు తోరణంలా కట్టారు. "ఉతికిచ్చేదాకా తియ్యం" అన్నారు. కర్మాగారం వాళ్ళు ఉతకలేదుగానీ, కొన్నాళ్ళకు లారీలకు టార్పాలిన్ వచ్చింది, బూడిదకుప్ప మీద నీళ్ళు చల్లడం మొదలైంది. పొగగొట్టం మాత్రం ఎప్పటిలాగే ఊదుతోంది. దానికి ఎవరూ పీఎఫ్‌టీ చెయ్యలేదు.

ఇప్పుడు రెండు పూటలా ఇన్‌హేలర్, ఆ తర్వాత నోరు పుక్కిలించడం. సాధకం ఎండెక్కాక, కిటికీలు మూసి, లోపలి గదిలో. గట్టిమేళానికి ఇప్పుడు నేను ఒంటరిగా నిలబడను. ఏకాంబరం అని, ఒకప్పుడు నేను పురుగులా చూసిన నాదస్వరం విద్వాంసుడు, పక్కన ఉంటాడు. నేను గాలి తీసుకునేటప్పుడు వాడు మోస్తాడు, వాడు తీసుకునేటప్పుడు నేను. ఎవరికీ తేడా తెలియదు. మాకు తెలుసు.

మీలో ఎవరైనా పొగగొట్టాల దగ్గర ఉంటే ఒక మాట. పొద్దున్నే వాకింగైనా, ప్రాణాయామమైనా మొదలుపెట్టేముందు వాకిట్లో చెట్టు ఆకును వేలితో తుడవండి. వేలు నల్లబడితే మీ ఊపిరిని ఇంట్లోనే ఉంచుకోండి, ఎండ ముదిరాక బయటికి తియ్యండి. నేను రోజూ మా కరివేపాకు చెట్టును అడుగుతాను. అది చాలా రోజులు వద్దనే చెబుతుంది.

పోయిన వారం రాత్రంతా వాన పడింది. పొద్దున ఆకు తుడిస్తే వేలికి నీళ్ళే అంటుకున్నాయి. సుగుణ వైపు చూశాను. నా వేలు చూసి తల ఊపింది. మెల్లగా మిద్దె ఎక్కాను. కొండలు కనబడ్డాయి. చిన్న స్వరం ఒకటి పట్టి, దగ్గు రాకముందే ఆపేశాను.

కిందనుంచి సుగుణ కేకేసింది. "ఆపినావేమయ్యా? ఇంకొంచెం ఊదు. ఈ పొద్దు గాలి బాగుండాది."