చింతపండుతో తోమిన కుందేలు

ఏ లోహం చేతికందినా బొటనవేలితో రుద్ది చూసేవాడు మా కంచరాయన. జగిత్యాల దగ్గర పల్లెలో కంచు, ఇత్తడి పాత్రలు చేసేవాడు. స్టీలు గిన్నెలొచ్చి కొలిమి ఆరిపోయాక దుబాయ్ చేరి, కరోనా తగ్గిన ఏడాది పక్కనున్న ఉమ్ అల్ క్వైన్‌లో పురావస్తు తవ్వకాల్లో ఇసుక జల్లించేవాడు. దొరికిన వస్తువులు రాసుకునే గుమాస్తాను నేను.

ఒక సాయంత్రం అతని జల్లెడలో రోమన్ల కాలపు కంచు పిన్ను తేలింది. పరుగెత్తే కుందేలు ఆకారం, నిండా చిలుము, వీపు మీద గాజుపొడి కరిగించి అద్దిన నీలం మీనా చుక్కలు. బస్సుకు టైమైందని, "నీ దగ్గరే ఉంచు, పొద్దున రాసుకుంటా" అన్నాను.

పొద్దున అరచేయి తెరిచాడు. కుందేలు ధగధగలాడుతోంది.

"చిలుం వట్టి ఆగమైంది సారూ. చింతపండు, ఉప్పు వెట్టి తోమిన. ఇగ సూడు!"

చిలుముతో పాటే నీలమూ ఊడిపోయింది. కన్ను అరిగిపోయింది.

తవ్వకాలు నడిపే మేడమ్ దాన్ని భూతద్దం కింద తిప్పి చూసింది. తర్వాత, దీన్ని బయటికి ఎవరు పంపారని అడిగింది. నేను తల దించుకున్నాను. అతను నా వైపొకసారి చూసి, తానే తీసుకెళ్ళానని హిందీలో ఒప్పుకున్నాడు.

"ఖలాస్" అందామె. అతని పని అక్కడితో సరి.

క్యాంపు బస్సెక్కబోతూ, "తోముడు తప్పెట్లయితది సారూ?" అని అడిగాడు. కోపం లేదు, నిజంగానే తెలియక అడిగాడు. నేను లోపలికి వచ్చి, రిజిస్టరులో కుందేలు పక్కన 'కూలీ పాడుచేశాడు' అని రాశాను.