టైలరక్క వాటా

మా టైలరక్క తక్కెడ లేకుండానే బరువు చెబుతుంది. బట్టల తానులు ఎత్తీ దించీ ఆమె చేతులకు ఆ విద్య అబ్బింది. ఏడాదికోసారి మేం ముగ్గురం సైకిళ్ళ మీద కొండల్లోకి వెళ్తాం. ముందు రోజు సాయంత్రం ఆమె కొట్లో, గుడ్డలు కత్తిరించే బల్ల మీద సామానంతా పరుస్తాం. డేరా, పొయ్యి, గిన్నె, పనిముట్లు, దుప్పట్లు. వాటిని మూడు వాటాలు చేసి, సైకిలు వెనక రెండు పక్కలా వేలాడేట్టు తనే కుట్టిన కాన్వాసు జోడు సంచుల్లో ఆమే సర్దుతుంది. ఒక్కో సంచీ రెండు చేతులా ఎత్తి చూసి, "అన్నయ్యా, నీది కాస్త తేలింది. ఈ దుప్పటి కూడా పెట్టుకో" అంటుంది. అన్నయ్య అంటే రిటైరైన బస్సు డ్రైవరు. నాది మందుల షాపు. మా ఇద్దరికీ ఆమె మాటే శాసనం. ఎదురు చెప్పినవాడికి ఆమె నాలుక సూదికంటే ముందు గుచ్చుకుంటుంది.

ఎవరి వాటా వాళ్ళు మోయాలి, మోయలేని రోజు ఇంట్లో కూర్చోవాలి. ఈ నియమం పెట్టింది కూడా ఆమే. పెట్టిననాడు ఆమె మోకాళ్ళు రెండూ బాగానే ఉండేవి.

కుట్టుమిషను తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోయింది. పోయిన వానాకాలంలో ఆపరేషన్ అయింది. మిషనుకు మోటారు పెట్టించుకుంది గానీ, సైకిలు మానమంటే మాత్రం వినలేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఈసారి సామాను పంచడం అయ్యాక సంచీ మూతి బిగిస్తూ, "పెద్ద కొండ నా వాటాతో ఎక్కానా, వచ్చే ఏడూ వస్తా. మధ్యలో దిగి తోశానా, ఇదే ఆఖరు. సైకిలు మా మేనకోడలికి ఇచ్చేస్తా" అంది.

కొట్టు ముందు చొక్కా ఇస్త్రీ చేస్తున్న వాళ్ళాయన తలెత్తలేదు. నేను వెళ్ళేటప్పుడు మాత్రం వెనకాలే వచ్చి, "వద్దంటే నన్నే ఇస్త్రీ చేసేస్తుంది. కాస్త నువ్వే చూసుకో తమ్ముడూ" అన్నాడు. నవ్వబోయాను గానీ ఆయన మొహం చూశాక నవ్వు రాలేదు.

తెల్లారుతూనే బయల్దేరాం. నెమ్మదిగా తొక్కేవాళ్ళు ముందుండాలన్నది మా అలవాటు, కాబట్టి ఈసారి అక్క ముందు. చిన్న గుట్టలు ఎక్కుతూ దిగుతూ ఉంటే సంచులు అటూ ఇటూ ఊగేవి. మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరన్నయ్య నోటితో హారన్ కొట్టేవాడు. అక్క వెనక్కి చూడకుండానే, "టికెట్లు కూడా కొట్టు, ఓ పనైపోతుంది" అనేది. ఆ మాటలు వింటూ తొక్కుతున్నా నా కళ్ళు ఆమె కుడికాలి మీదే ఉన్నాయి. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆ కాలు పెడల్ మీద ఒక్క క్షణం ఆగి గానీ దిగడం లేదు.

పెద్ద కొండ మొదట్లో ఒక కల్వర్టు, దాని పక్కన చేతిపంపు ఉన్నాయి. అక్క మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. అన్నయ్య పొదల చాటుకు వెళ్ళాడు. ఇంతకంటే మంచి సమయం దొరకదని, ఆమె సంచీలోంచి బరువైన గిన్నె తీసి, ఆ ఖాళీలో నా దుప్పటి కుక్కాను. నా సంచుల్లో డేరా నిండి ఉంది. అందుకని గిన్నెను అన్నయ్య సంచీలో దూర్చి, అక్కను మాటల్లో పెట్టడానికి పంపు దగ్గరకు నడిచాను.

కాసేపటికి కొండ ఎక్కడం మొదలుపెట్టాం. అక్క దిగలేదు. పళ్ళు బిగించి, ఒక్కో మలుపూ ఒక్కో కుట్టు వేసినట్టు ఎక్కేసింది. పైకి చేరి సైకిలు రాయికి ఆనించి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"చూశారా! మోకాలు మాట వింటోంది. పంపు దగ్గర్నుంచీ కాలు ఎంత తేలికైందో చెప్పలేను!"

దొంగకు తేలు కుట్టినట్టు నేను వంగి టైర్లో గాలి చూడసాగాను. అన్నయ్య కూడా చెట్లు లెక్కపెడుతున్నవాడిలా అటు తిరిగాడు.

టీ పెడదామని అక్క సంచీ విప్పింది. నా దుప్పటి బయటికి వచ్చింది. దాని పక్కన అన్నయ్య చెప్పులు.

"నా గిన్నె ఏదయ్యా? పొయ్యి ఏది?"

నిజం కక్కక తప్పలేదు. నేను పంపు దగ్గర ఆమెతో మాట్లాడుతుంటే అన్నయ్య తిరిగొచ్చి ఆమె పొయ్యి కాజేసి, ఆ ఖాళీలో తన చెప్పులు కుక్కాడట. తన సంచీలో దానికి చోటు చేయాలని లోపలున్న గిన్నె బయటికి తీసి కల్వర్టు గోడ మీద పెట్టాడు. అంతలో అక్క గొంతు వినపడేసరికి కంగారుపడి సంచీ మూసేశాడు. గిన్నె అక్కడే ఉండిపోయింది.

అక్క కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"కాలు బాగైపోయిందని సంతోషపడ్డానయ్యా" అంది మెల్లగా. వెళ్ళి దూరంగా కూర్చుంది.

నా మీద నాకే ఒళ్ళు మండింది. ఏం చేయాలో తోచక అన్నయ్య తన సైకిలు గొలుసు బిగిద్దామని రెండో పక్క సంచీలో చెయ్యి పెట్టాడు. వెతికాడు, మళ్ళీ వెతికాడు. నిన్న తన వాటాకు వచ్చిన పనిముట్ల మూట లేదు. రెంచీలు, గాలిపంపు, సుత్తి అన్నీ ఉన్న ఇనప మూట అది. మా సామానంతటిలో అంత బరువైంది ఇంకోటి లేదు.

అక్క తల దించుకుంది. నేను వెళ్ళి ఆమె సంచీ అడుగుకంటా చెయ్యి పెట్టాను. మూట అక్కడుంది, చప్పుడు కాకుండా పాత గుడ్డలో చుట్టి.

"పొద్దున నడుం పట్టుకుని వంగలేకపోయావుగా అన్నయ్యా" అంది, ఎటో చూస్తూ. "చూస్తూ ఊరుకోమంటావా?"

అన్నయ్య ఆ సంచీని ఉన్నదున్నట్టు, దుప్పటీ చెప్పులూ మళ్ళీ సర్ది, తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాడు. "ఎత్తి చూడు చెల్లెమ్మా."

ఆమె ఎత్తింది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత దించి, మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

"సరిపోయింది" అంది. "నా వాటా."

నా స్టీలు గ్లాసులోనే ఒకరి తర్వాత ఒకరికి టీ కాచాను. మొదటి గ్లాసు అక్కకిచ్చాను. చల్లారేదాకా తాగకుండా, ఎక్కి వచ్చిన దారి వైపే చూస్తూ కూర్చుంది.

"ఆ గిన్నె పోతే పోయిందిలే. వచ్చే ఏటికి కొత్తది కొను తమ్ముడూ" అంది.

"అలాగే అక్కా."

గ్లాసు నా చేతికిస్తూ ఆమె ఇంకో మాట అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

"కాస్త తేలికపాటిది చూడు."