లింగయ్య కాక కవల నాణేలు

బల్ల మీద ఉన్నవి: మిల్లీగ్రాముల కాటా, పట్టకారు, నోటుబుక్కు, నిన్న ఆదివారం సంతలో కొన్న పాత వెండి నాణెం. గదిలో నేను. గోడకు అవతల పన్నెండు మరమగ్గాలు. అవి ఆడుతున్నంతసేపూ బల్ల సన్నగా వణుకుతుంది, కాటా మీద అంకె నిలవదు. 2.141, 2.163, 2.138 గ్రాములు. బరువు రాసుకోకుండా నాణేన్ని డబ్బాలో పెట్టలేను. మగ్గాలు ఆగేదాకా ఆ చప్పుడు వింటూ కూర్చుంటే లింగయ్య కాక గుర్తొస్తాడు.

కాక మాకు బంధువు కాదు. జగిత్యాల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు మగ్గం నడిపాడు. సూరత్ శివారు కోసాడ్‌లో మా పై అంతస్తులో ఉండేవాడు. సంతలో పాత ఇనుము అమ్మేవాళ్ల గోనెపట్టాల ముందు గొంతుకూర్చుని, ఒకప్పుడు గుజరాత్‌ను ఏలిన క్షత్రపుల నాణేలు ఏరేవాడు. బొటనవేలి గోరంత వెండి బిళ్లలు. ఒకవైపు రాజు తల, రెండోవైపు మూడు వంపుల కొండ. బట్టలో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఒక్కటే ఆయన పనిముట్టు. నేను డిప్లొమా చదివే రోజుల్లో మొదటిసారి దాన్ని నా చేతికిచ్చి, "ఏం కనవడ్తాంది?" అన్నాడు. రాజు అన్నాను. "రాజును అందరు సూస్తరు. అంచు సూడు," అన్నాడు.

ఆయన గర్వమంతా రెండు నాణేల మీద. ఏడేళ్ల తేడాతో, వేర్వేరు మనుషుల దగ్గర కొన్నాడు. ముద్ర అచ్చంగా ఒకటే. ఒకే మనిషి ఒకే రోజున కొట్టి ఉంటాడని నమ్మాడు. కవలలు అనేవాడు. ఊళ్లో నాణేలు సేకరించేవాళ్లు ఏటా పెట్టే ప్రదర్శనలో, ఒక ఏడాది మొదటిసారి ఆయనకు ఒక బల్ల ఇచ్చారు. అప్పటిదాకా వాళ్లకు ఆయన పేరు తెలియదు, మగ్గం నడుపుతాడని 'లూమ్‌వాలా' అనేవారు.

అప్పటికి నేను సూరత్ దగ్గరి ఇచ్ఛాపూర్‌లో, లోహం కరిగించి మూసల్లో పోసే కార్ఖానాలో చేరాను. ప్రదర్శన కోసం కవలలను ఫొటో తీసి పక్కపక్కన పెట్టాను. రాజు చెవి కింద సూదిమొనంత గుంట. రెండిటికీ. అంచున చిన్న చీలిక. రెండిటికీ, ఒకే చోట. ఒకే అచ్చుతో కొడితే ముద్ర ఒకేలా పడుతుంది. అంచు మాత్రం సుత్తి దెబ్బకు ఒక్కో బిళ్లకు ఒక్కోలా చీలుతుంది. అంచుతో సహా ఒకేలా ఉన్నాయంటే రెండూ ఒకే మూసలో పోసినవి. అంటే నకిలీవి.

ప్రదర్శనకు ఇంకా నాలుగు రోజులుంది. మొదటి రోజు చెబుదామని పైకి వెళ్లి, ఛార్జర్ అడిగి తెచ్చుకున్నాను. రెండో రోజు ఫొటోలు పెద్దవి చేసి మళ్లీ కొలిచాను. మూడో రోజు కాకే మెట్ల మీద ఆపాడు.

"ఏందిరా, పైకి కిందికి ఒకటే తిరుగుతున్నవ్. పెండ్లి గిట్ల కుదిరిందా?"

"కాకా, ఆ రెండిటిని పక్కపక్కన వెట్టి జర అంచులు సూడు. చెవి కింద గూడ."

ఇంట్లోంచి రెండూ తెచ్చి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. మూస గురించి ఎలా చెప్పాలా అని నేను మాటలు కూడబలుక్కుంటున్నాను. అవసరం పడలేదు.

"ఒక్క బట్ట థాన్‌ల తప్పువడితే చెయ్యి తప్పు," అన్నాడు భూతద్దం దించకుండానే. "ప్రతి థాన్‌ల గదే జాగల పడితే మిషన్ల తప్పు. గంతేనా?"

"గంతే కాకా."

"మరి ఇన్నొద్దులు ఏం జేసినవ్‌రా?"

"నీకు బల్ల దొరికింది గదా అని..."

"నా బల్ల నువ్వు మోస్తవా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

ప్రదర్శనలో కవలలను బల్ల నడిమధ్య పెట్టాడు. పక్కన భూతద్దం, నాతో గుజరాతీలో రాయించిన అట్ట: 'రెండూ నకిలీ. ఎందుకో చూడండి.' మొదటి గంట జనం నవ్వడానికే వచ్చారు. "ఎన్నిసార్లు మోసపోయావ్ లూమ్‌వాలా?" అని హిందీలో అడిగాడొక వ్యాపారి. "రెండుసార్లు సేఠ్. మీరు?" అన్నాడు కాక. సేఠ్ నవ్వి వెళ్లిపోయాడు. కాసేపటికి తన బల్ల మీది నాణేల పళ్లెంతో తిరిగొచ్చాడు. అతని వెనక ఇంకొందరు వచ్చారు. తమ నాణేల అంచులు భూతద్దంలో చూసుకున్నాక కొందరి ముఖాలు వాడిపోయాయి. కాక సంతోషించలేదు. ఇంటికొచ్చే బస్సులో మోకాలు ఊపుతూనే కూర్చున్నాడు. "ఇంట్ల ఉన్నయన్ని తీసి సూడాలెరా," అన్నాడు. "ఇగ మనసు ఊకోదు."

పోయిన ఏడాది కాక చనిపోయాడు. ఆయన మనసు ఊరుకోకపోవడం నాకు అంటుకుంది. ఏ నాణెం కొన్నా ఆ సంబరం ఇల్లు చేరేదాకా కూడా ఉండదు. దారిలోనే ఫోన్ తీసి, దీనికి కవల ఇంకెక్కడైనా అమ్మకానికుందా అని వెతుకుతాను. నిన్నా వెతికాను.

ఇప్పుడు నా దగ్గర ఇరవై ఆరు నాణేలున్నాయి. నకిలీవని తేలినవి నాలుగు. ఇంకా తేలనివి తొమ్మిది.