నల్లిబొక్క, నా పెరటి కొట్టం

మా ఇంటి వెనక పెరట్లో, బావికి అవతల, నాకొక కొట్టం ఉండేది. పారలు, గడ్డపారలు, తెగిన బొక్కెన తాళ్ళు పడేసుకోవడానికి మా నాయిన కట్టించాడు. మట్టి గోడలు, పైన తాటికమ్మలు, తలుపు బదులు ఒక తడక. లోపల నులక మంచం వేస్తే మనిషి నిలబడే జాగ ఉండదు. మనిషి నిలబడాలంటే మంచం బయటికి నడవాలి. అయినా పట్నంలో నవాబులు మేడలు కట్టుకుని పొందలేని సుఖం నేనందులో వెల్లకిలా పడుకుని పొందాను.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదని, చక్కెర దొరకదని ఇంట్లో ఒకటే రొద. అరుగు మీద సిద్దిపేట సిద్దిపేటంతా కూర్చుని పొద్దుగూకే లోపల జర్మనీని ఓడిస్తుండేది. కొట్టంలో మాత్రం ఒకటే చప్పుడు: విత్తనానికని వాసానికి వేలాడదీసిన ఎండు సొరకాయలో గింజలు గాలికి గలగలమనేవి. తడిమట్టి వాసన, కుండలో చల్లని నీళ్ళు, బయట బీరపువ్వు మీద తుమ్మెద. ఆ తుమ్మెద అక్కడ ఎందుకు వాలిందని నన్నెవరూ అడగరు. సుఖమంటే అదీ.

ఆ సుఖానికి గజ్వేల్ నుంచి గండం వచ్చింది. మా చెల్లెలి మొగుడు, పెళ్ళాం పిల్లలతో సహా. మనిషి కంటే ముందు మీసం, మీసం కంటే ముందు గొంతు మా గడప దాటేవి. చేసేది ఉల్లిగడ్డల బేరం. మాటలు వింటే మాత్రం, రోజూ పొద్దున సూర్యుణ్ణి తూకం వేసి పైకి పంపేది ఈయనేనేమో అనిపించేది.

అల్లుడు వచ్చాడు కాబట్టి మందలోంచి తెచ్చిన యాట తెగింది. మా దిక్కు యాట తెగితే మూలుగు నిండిన నల్లిబొక్క అల్లుడి పళ్ళెంలోనే పడాలి. ఎవరూ రాయని చట్టం, సర్కారు చట్టాలన్నిటి కంటే గట్టిది. ఆ రోజు పొయ్యి పొగలో కళ్ళు మండి మా ఆవిడ దాన్ని నా పళ్ళెంలో వేసింది. నేను మామూలుగా నోట పెట్టి జుర్రాను. ఆ చప్పుడుకు బావ చేతిలో ముద్ద సగం దారిలో ఆగిపోయింది.

"గీ ఇంట్ల కొడుక్కు నల్లిబొక్క, అల్లునికి ఉత్త చారు," అని చెయ్యి కడుక్కుని లేచాడు.

అలిగిన అల్లుడు అరుగు మీద కూర్చుని ఊరికంతా కనబడాలి. కానీ అరుగు నిండా జర్మనీని ఓడించేవాళ్ళు. ఆయన నేరుగా పెరట్లోకి నడిచి, నా కొట్టంలో దూరి తడక వేసుకున్నాడు.

"పోయి బతిమిలాడు కొడుకా," అంది నన్ను కన్న మా అవ్వ. "బొక్క తిన్నోడే పోవాలె."

పోయాను. నా మంచం మీద కాలు మీద కాలు వేసుకుని చుట్ట కాలుస్తున్నాడు. ముఖంలో అవమానం కోసం వెతికాను, ఆవగింజంత లేదు.

"లే బావా. ఇంకో యాట కోస్తం."

"కొయ్యున్రి. కూర గీడికే పంపున్రి." కాసేపు పొగ వదిలి అన్నాడు: "వచ్చేటప్పుడు తలకిందికి ఒక మెత్త తే బావా. గీడ గాలి మంచిగున్నది."

బతిమిలాడిన కొద్దీ అలక పెరుగుతుంది. అలక పెరిగిన కొద్దీ నా కొట్టం పోతుంది. బతిమిలాడక తప్పదు. కొట్టంలోకి చాయ పోయింది, సర్వపిండి పోయింది, గారెలు పోయాయి. ఖాళీ గిన్నెలు తిరిగొచ్చాయి. అలిగి లావెక్కిన మనిషిని నేను అతనొక్కణ్ణే చూశాను. ఆ బరువుకు నులక సాగి మంచం నడుము నేలను తాకింది. తలకు తగులుతోందని నా విత్తనపు సొరకాయను తెంపి పాదుల్లోకి విసిరేశాడు.

"పాపం, నీకు అలుగుదామన్నా జాగ లేకపాయె," అంది మా ఆవిడ.

అన్ని రోజులూ ఆ గిన్నెలు మోసింది మా చెల్లెలు. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇద్దరు. ఒక మధ్యాహ్నం గిన్నె బావి గట్టు మీద పెట్టి, పిల్లలతో సహా కొట్టంలోకి పోయింది.

"నీకు అవమానమైతె నాకు గాదా? నేను గూడ అలిగిన. జరుగు," అనడం మాకు వినబడింది. వెంటనే ముగ్గురు పిల్లల ఏడుపు.

గిన్నెలో కూర చల్లారకముందే బావ నడుము రుద్దుకుంటూ బయటికొచ్చాడు. "లోపల ఉక్కపోస్తున్నది బావా," అన్నాడు.

నేను పరుగున పోయాను. తడక తెరుచుకుంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు బయటికొచ్చారు. తడక మళ్ళీ మూసుకుంది.

"అన్నా, పిల్లలను జర సూడు. మీ బావను గూడ."

"నువ్వెందుకు అలిగినవ్ చెల్లె?"

"యాదికొచ్చినంక చెప్త."

అల్లుణ్ణి బతిమిలాడే పద్ధతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆడబిడ్డ అలగడం మాత్రం ఎవరూ చూడలేదు కాబట్టి, ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఆదివారం ఇంకో యాట తెగింది. నల్లిబొక్కను మా అవ్వ ఎవరినీ అడగకుండా పెరట్లోకి పంపింది. లోపలి నుంచి జుర్రిన చప్పుడు అరుగు దాకా వినబడింది.

అరుగు మీద జర్మనీ ఓడిపోతూనే ఉంది. నేనూ బావా చెరొక పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాం. మూడోది ఆయన మీసం పట్టుకుని గుంజుతోంది.

"గాడ గాలి మంచిగుండె బావా," అన్నాడు, నాకు తెలియనట్టు.