అందరూ కళ్ళు మూసుకుంటే ఎలా

దేవుడికి ఎప్పుడైనా ఒక కునుకు తియ్యాలనిపిస్తే, లోకాన్ని అప్పగించి పడుకోవలసింది మా అమ్మమ్మకే. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. సూర్యుడు కూడా రోజూ ఆవిడ గుమ్మం ముందు ఆగి, తనెవరో, ఎందుకొచ్చాడో చెప్పుకున్నాకే వీధిలోకి వెలుగు పంపుతాడని మా వీధిలో అంటారు. ఎవరూ అనకపోతే నేను అంటున్నాను.

ఆవిడ ఉద్యోగం కాపలా. బ్యాంకుకో బంగారానికో కాదు, చంటిపిల్లలకు. వీధి చివర బట్టల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ మిషన్ల మీద కూర్చునే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అమ్మమ్మ ముందుగదిలో దింపి, సైరన్ మోగేలోపు పరుగెత్తుతారు. ఒకప్పుడు ఆవిడ కూడా అందులోనే, కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించేది. నడుము మొరాయించాక ఇంట్లో కూర్చుంది. పక్కింటామె ఒక పూట బిడ్డను చూసిపెట్టమంది. ఆ బిడ్డ వెనకే ఇంకో బిడ్డ వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీలో మిషన్ తొక్కే కుర్రకారులో సగం మంది ముక్కులు అమ్మమ్మ కొంగుతో తుడిచినవే.

గదికి ఒకటే గుమ్మం. గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు చెక్క. చెక్క వెనక పొట్టి పీట. పీట మీద అమ్మమ్మ, వీపు వీధికి, మొహం పిల్లలకు. ఎంతటి గడుగ్గాయి అయినా బయటపడాలంటే ఆవిడ ఒడి దాటే పోవాలి. తిండివేళ అయితే ఆ పీటనే ఎత్తి నేలకేసి రెండుసార్లు కొడుతుంది. ఆ చప్పుడుకి నిద్రలో ఉన్న పిల్ల కూడా లేచి నోరు తెరుస్తుంది.

అలాంటి గుమ్మం ముందుకి ఒక శనివారం మధ్యాహ్నం చర్చివాళ్ళ హైస్కూలు పిల్లలు వచ్చారు. యూనిఫారాలు వేసుకుని, తలలు నున్నగా దువ్వుకుని ఉన్నారు. ముందు కళ్ళజోడు పిల్ల, వెనక భుజానికి ఉబ్బిన సంచీతో ఒక పొడుగోడు, ఆ వెనక ఇంకొందరు.

"నమస్తే అమ్మమ్మగారూ. శనివారాలు మీ పిల్లలతో ఆడుకుందామని వచ్చాం. పాటలు నేర్పిస్తాం, బొమ్మలు వేయిస్తాం" అంది కళ్ళజోడు పిల్ల.

"ఎందుకు?"

ఆ ప్రశ్నకు ఆ పిల్ల సిద్ధపడి రాలేదు. "ఊరికేనండీ. సేవ."

"ఊరికే వచ్చేవి ఎండా, వానా. మీకెంత ఇస్తారు?"

"ఎవరూ ఏమీ ఇవ్వరండీ."

"మార్కులు వేస్తారా?"

"మార్కులు కూడా ఉండవండీ."

"మరి ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

పొడుగోడు ముందుకొచ్చాడు. "తెలుసండీ. ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకోమంటే ఎత్తుకోవు, ఊళ్ళో పిల్లల్ని ఎత్తుకుంటావా అని మా అమ్మ కూడా మీలాగే చూసింది."

ఆ తల్లి ఎవరో తెలియకపోయినా అమ్మమ్మకు ఆవిడ మీద గౌరవం కలిగింది. వీళ్ళ మీద మాత్రం కలగలేదు.

అనుమానం ఊరికే పుట్టలేదు. అంతకుముందు ఒకసారి పెద్దమనుషులు కొందరు కారులో వచ్చి, పిల్లలందరి చేతుల్లో తలొక బొమ్మా పెట్టి, వెనక గుడ్డ బ్యానర్ పట్టుకుని ఫోటో తీయించుకున్నారు. ఫోటో అవగానే బొమ్మలన్నీ తిరిగి లాక్కుని అట్టపెట్టెలో సర్దుకున్నారు. ఇంకో వీధిలో కూడా ఫోటో ఉందట. ఆ సాయంత్రం దాకా పిల్లలు ఏడ్చిన ఏడుపు అమ్మమ్మ చెవుల్లో ఇంకా ఉంది. అప్పట్నుంచి ఆవిడ దృష్టిలో నవ్వుతూ వచ్చేవాడు దొంగ, సంచీతో వచ్చేవాడు గజదొంగ.

"ఆ సంచీలో కెమెరా ఉందా?"

"లేదండీ."

"ఉంటే బయటే పెట్టు. లోపల ఫోటోలు తియ్యకూడదు" అని చెక్క పక్కకి జరిపింది.

వాళ్ళు తెచ్చిన బిస్కెట్లలో ఒకటి ముందు తనే తిన్నది. తిని కాసేపు కూర్చుంది. ఇంకా బతికే ఉన్నానని రూఢి చేసుకున్నాక పిల్లలకు పంచింది. వాళ్ళు పాడుతుంటే పాటలో ప్రతి మాటా చెవి ఒగ్గి విన్నది. ఇస్త్రీ బండి అతను గుమ్మంలోంచి తొంగి చూసి గుసగుసలాడాడు.

"పెద్దమ్మా, పిల్లలకి వాళ్ళ దేవుణ్ణి అంటగడతారేమో చూసుకో."

"దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు లేవయ్యా. నా అనుమానం మనుషుల మీద."

అలా కొన్ని శనివారాలు గడిచాయి. పిల్లలు కళ్ళజోడు పిల్ల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. అందరికంటే చిన్నవాడు, ఇంకా మాటలు సరిగా రాని బుడంకాయ, ఆ పిల్ల జడ పట్టుకుని వదిలేవాడు కాదు. అమ్మమ్మ చూపు మాత్రం పొడుగోడి సంచీ మీదనుంచి కదల్లేదు. వచ్చేటప్పుడు ఉబ్బి ఉంటుంది, వెళ్ళేటప్పుడూ ఉబ్బే ఉంటుంది. అందులోంచి ఒక్కనాడూ ఏదీ బయటికి రాదు.

అసలు మెలిక బుడంకాయ తల్లి నోట బయటపడింది. ఆమె ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఒక సాయంత్రం బిడ్డను చంకనేసుకుని గుమ్మంలో నసిగింది.

"పిన్నీ, ఏమీ అనుకోకు. వచ్చే శనివారం పిల్లల్ని స్కూలు హాలుకి తీసుకెళ్తారటగా. ఫ్యాన్లున్నాయట, రంగురంగుల కుర్చీలున్నాయట. బాగుంటే శనివారాలు వీణ్ణి అక్కడే వదులుదామని. నీకూ కాస్త విశ్రాంతి."

"విశ్రాంతి చచ్చాక ఎలాగూ ఉంది" అంది అమ్మమ్మ నవ్వుతూ. నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

ఏకులా వచ్చి మేకవ్వడమంటే ఇదే అనుకుంది. ఇవాళ శనివారం, రేపు వారమంతా. ఒక తల్లి కదిలితే మిగతా తల్లులూ కదులుతారు. అప్పుడీ గదిలో ఖాళీ చాపలు, అడ్డం పెట్టినా ఎవరూ దాటని చెక్క, తను. ఏడుపులు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడ ఊహకు కూడా అందలేదు.

ఆ శనివారం పిల్లలందర్నీ ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి హాలుకి నడిపిస్తుంటే, అమ్మమ్మ కూడా పీట చంకన పెట్టుకుని వెనకే బయలుదేరింది.

"అక్కడ కుర్చీలున్నాయండీ అమ్మమ్మగారూ" అన్నాడు పొడుగోడు.

"ఉండనీ. నా పీట నన్నెప్పుడూ పడెయ్యలేదు."

హాలు నిజంగానే బాగుంది. అది ఆవిడకు ఇంకా కష్టంగా ఉంది. ఫ్యాన్లు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. నేల అద్దంలా ఉంది. కానీ తలుపులు రెండు. ముందుదాని దగ్గర అమ్మమ్మ పీట వేసుకుంది. వెనకది బార్లా తెరిచి ఉంది. దాని అవతల చిన్న ఆవరణ, ఓరగా తీసి ఉన్న గేటు, గేటు అవతల ఫ్యాక్టరీ లారీలు తిరిగే రోడ్డు.

ఆటలయ్యాయి, పాటలయ్యాయి. పెద్దపిల్లలూ చిన్నపిల్లలూ కలిసి గుండ్రంగా నిలబడ్డారు.

"ప్రార్థన చేసుకుందాం" అంది కళ్ళజోడు పిల్ల.

ఆ మాటకు హైస్కూలు పిల్లలందరి కళ్ళూ ఒక్కసారిగా మూతపడ్డాయి. ఎవరో మీట నొక్కినట్టు. ఉగ్గుపాలతో అబ్బిన అలవాటు అది. ప్రార్థన అంటే తల వంగాలి, చేతులు కలవాలి, కళ్ళు మూతపడాలి. ఒక్కరు కూడా రెప్ప కదపలేదు. పసిపిల్లలు మాత్రం ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కిచకిచలాడారు.

అమ్మమ్మ కళ్ళు మూయలేదు. ఇంతమంది కళ్ళు మూసుకున్న చోట ఏదో జరుగుతుందని ఆవిడ నమ్మకం. అయితే ఏం జరుగుతుందో తప్పు ఊహించింది. కుర్చీ కింద పెట్టిన పొడుగోడి సంచీనే తదేకంగా చూస్తూ కూర్చుంది. ఎవరి చెయ్యి అందులోకి వెళ్తుందా అని.

అలా చూసి చూసి తల తిప్పేసరికి బుడంకాయ వలయంలో లేడు. వెనక తలుపు దాటి, ఆవరణ దాటి, రెండు చేతులూ ఊపుకుంటూ గేటు వైపు పోతున్నాడు. రోడ్డు మీద లారీ హారన్ వినబడింది.

పరుగెత్తుదామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. అరిస్తే ఇంకా ప్రమాదం. నడక నేర్చిన పిల్లవాణ్ణి వెనకనుంచి పిలిస్తే, అది ఆట అనుకుని ఇంకా జోరుగా పరుగెత్తుతాడు. అమ్మమ్మ లేచి, పీట ఎత్తి, అద్దంలాంటి ఆ నేలకేసి రెండుసార్లు కొట్టింది.

బుడంకాయ గేటు దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగాడు. నోరు తెరిచాడు. వచ్చిన దారినే తప్పటడుగులతో వచ్చేశాడు. వాడొక్కడే కాదు, పిల్లలందరూ వలయం వదిలేసి పీట చుట్టూ చేరి నోళ్ళు తెరిచారు.

కళ్ళజోడు పిల్ల కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా ఒక్క పసివాడు లేడు.

అమ్మమ్మ బుడంకాయను ఒళ్ళోకి లాక్కుంది.

"దండం పెట్టుకోండి, నేను కాదనను. అందరూ ఒక్కసారే కళ్ళు మూసుకుంటే ఎలా? గేటు దాకా పోయాడు వీడు."

ఆ పిల్ల గేటు వైపు చూసింది, వాణ్ణి చూసింది. మొహం తెల్లబోయింది.

ఇక వీళ్ళేం చేస్తారో అమ్మమ్మకు తెలుసు. "ఏమీ కాలేదుగా, ఎవరికీ చెప్పకండి అమ్మమ్మగారూ" అంటారు. బిస్కెట్లు ఇంకో పొట్లం ఎక్కువిస్తారు. ఆ మాట కోసం చూస్తూ ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఎవరూ ఆ మాట అనలేదు. అనుమానం ఇంకా పెరిగింది.

సాయంత్రం సైరన్ మోగింది. కాలర్లు కుట్టే ఆమె వచ్చేసరికి కళ్ళజోడు పిల్ల గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఇంటికి పోకుండా అక్కడే ఉంది.

"అక్కా, ఇవాళ మీ బాబు గేటు దాకా వెళ్ళాడు. మేమందరం కళ్ళు మూసుకుని ఉన్నాం, ఒక్కరం కూడా చూసుకోలేదు. అమ్మమ్మగారు ఆపారు. మీరు మాకు అప్పగించారు, మాదే తప్పు."

తల్లి బిడ్డను గుండెకు అదుముకుంది. అమ్మమ్మ అప్పటిదాకా నెగ్గినదానిలా కూర్చుని ఉంది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే పిల్లలు ఎక్కడికీ పోరు, గది గదిలాగే ఉంటుంది. ఎందుకో మూసుకోలేకపోయింది.

"నా చూపు కూడా వాడి మీద లేదులేవే" అంది తల్లితో. "ఆ పొడుగోడి సంచీ మీద ఉంది. ఆలస్యంగా చూశాను."

కాలర్లు కుట్టే ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వీడు ఇక్కడే ఉంటాడు పిన్నీ. అమ్మాయ్, మీరే ఇక్కడికి రండి. ఈ పీట ఉన్న చోటే."

ఆ గొడవలో పొడుగోడు పిల్లల్ని దింపి, సంచీ అమ్మమ్మ గుమ్మంలోనే మర్చిపోయి వెళ్ళాడు. అమ్మమ్మ దాన్ని కర్రతో కదిపి చూసి, చివరికి ముడి విప్పింది. లోపల గుడ్డ బొమ్మలు. శనివారాలు వస్తూ పోతూ ఫ్యాక్టరీ బయట పారేసే పీలికలు ఏరి, ఆ సంచీలో నింపుకెళ్ళి కుట్టినవి. కుట్లు చూస్తే ఎప్పుడూ సూది పట్టని చేతులని తెలుస్తూనే ఉంది. ఒక ఏనుగుకి మూడే కాళ్ళు. ఆ రోజు ప్రార్థన అయ్యాక పంచుదామని అన్నీ పూర్తయ్యేదాకా దాచి ఉంచారట. ఆవిడ వాటిని పిల్లలకు ఇవ్వలేదు. తిరిగి లాక్కుంటే పిల్లలు తట్టుకోలేరని సంచీ అలాగే అటక మీద పెట్టింది. మరుసటి శనివారం పొడుగోడు తనే తీసి పంచాడు. ఫోటో లేదు. వెళ్ళేటప్పుడు అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ప్రతి ఒక్కరి చేతులూ చూసింది. అందరివీ ఖాళీ చేతులే. నమ్మలేక వీధి మలుపు దాకా చూసింది.

ఇప్పుడు ప్రార్థన ఆ ముందుగదిలోనే జరుగుతుంది. వాళ్ళలో వంతులవారీగా ఒకరు కళ్ళు తెరుచుకుని గుమ్మం దగ్గర నిలబడతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అమ్మమ్మ డ్యూటీ. ఆ డ్యూటీలో ఉన్నవాళ్ళు నిజంగా కళ్ళు తెరిచే ఉంచారా అని పీట మీదనుంచి అమ్మమ్మ కనిపెడుతూ ఉంటుంది.

ఇదంతా రాసి మొన్న ఆవిడకు చదివి వినిపించాను. మొదట్లో దేవుడు, సూర్యుడు వచ్చినచోట కొంచెం కూడా సిగ్గుపడలేదు. అది నిజమేనన్నట్టు తలూపింది. అయిపోయాక అడిగాను.

"ఇప్పటికైనా వాళ్ళ మీద నమ్మకం కుదిరిందా అమ్మమ్మా?"

"నమ్మకం సంగతి తరవాత. ఇంతసేపూ తల వంచుకుని చదివావే, గుమ్మం ఎవరు చూశారు?"