కాఫీకి ముందు ఒక గంట

నా చిన్నప్పుడు, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మేము కైకలూరులో ఉండేవాళ్ళం. ఇంట్లో నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. అమ్మ పూజ ముగించి లేచేసరికి వేడి కాఫీ గ్లాసు, ఒక చిన్న మాత్ర పట్టుకుని నిలబడాలి. నాకప్పుడు పదేళ్ళు. ఆ పని చేస్తున్నందుకు తెగ గర్వపడేదాన్ని.

మాత్ర థైరాయిడ్‌కి. అంతకుముందు ఏడాదిగా అమ్మ అమ్మలా లేదు. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఎండలో నిలబడి కూడా చలి అనేది. కూర తరుగుతూ తరుగుతూ కూర్చున్నచోటే కునికేది. ఏలూరు డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ మందకొడిగా పనిచేస్తోందని చెప్పి, పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోమని మాత్ర రాశారు. పూజ అయ్యేదాకా అమ్మ పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టదు. పూజ అయ్యాక కూడా కడుపు ఖాళీయే కదా, నీళ్ళయినా కాఫీ అయినా ఒకటేలే అనుకుని, మాత్రను మొదటి గుక్క కాఫీతో మింగేది. మా లెక్కలో పరగడుపంటే అదే.

మూడు నెలలకు మళ్ళీ వెళితే థైరాయిడ్ ఎక్కడిదక్కడే ఉంది. పైగా రక్తంలో కొవ్వు పెరిగింది. మాత్ర రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే, పరగడుపునే వేసుకుంటున్నానండీ అంది అమ్మ. ఆయన మోతాదు పెంచి, ఇలాగే ఉంటే రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని గుండెకు ముప్పు రావచ్చని చెప్పారు.

ఇంటికి రాగానే మాత్రల అట్టను అటక మీదకు విసిరేసింది. "పనిచెయ్యని మందు ఎందుకు? సగం అన్నమే తింటాను. కొవ్వు అదే పోతుంది." మా అమ్మ ఒకటి పట్టిందంటే వదిలే మనిషి కాదు. ఆ మొండితనం నాకూ వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతుంటారు. బళ్ళో కూర్చున్నా నాకు డాక్టరుగారు అన్న 'గుండె' అన్న మాటే వినపడేది. భయం పట్టలేక నాలుగో రోజు పక్కింటి పిన్నిగారి దగ్గర ఏడ్చేశాను. వాళ్ళు ముస్లిములు. చేపల మేత కొట్టు నడిపేవారు, ఊరి బయట వాళ్ళకో చేపల చెరువు ఉండేది.

ఆవిడ నా కళ్ళు తుడిచింది. ఆదివారం పొద్దున్నే, చెరువు చూసొద్దాం రండని మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకు వెళ్ళింది. వణికించే చలి. నీళ్ళలో పాతిన గెడలకు తవుడు నింపిన చిల్లుల సంచులు వేలాడుతున్నాయి. చేపలు ఆ చిల్లుల్లోంచి మేత లాక్కుని తింటాయి. పిన్నిగారు గట్టు పక్కనున్న సంచిని పైకి లాగించింది. నిన్నటి మేత సగానికి సగం అలాగే ఉంది, పులిసిన వాసన.

"చలికి చేప మందగించిందండీ అక్కయ్యగారూ. వేసింది వేసినట్టే మిగిలి, అడుగున పేరుకుని చెరువంతా పాడుచేస్తుంది. మీ ఒంట్లోనూ థైరాయిడ్ మందగించి కొవ్వు అలాగే పేరుకుంటోంది."

"అందుకేగా సగం తింటున్నాను," అంది అమ్మ.

"మేత తగ్గిస్తే చెరువు వెచ్చబడుతుందాండీ? ఒంటిని వెచ్చబెట్టేది ఆ మాత్రే."

అప్పుడు పిన్నిగారు, తన అత్తగారు కూడా ఇదే మాత్ర వేసుకుంటారని చెప్పి, ఎలా వేసుకుంటున్నారని అడిగింది. అమ్మ చెప్పింది. "అయ్యో, కాఫీతోనా! కాఫీ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదండీ. ఉత్త నీళ్ళతో వేసుకుని గంటసేపు ఆగాలి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మూడు నెలలు ఆ కాఫీ అందించింది నేనే. పిన్నిగారు నా భుజం పట్టుకుని, "తెలియక చేశావమ్మా. ఇకనుంచి కాపలా నీదే," అంది.

"దేవుడికంటే ముందు నేనెలా తాగుతానండీ?" అమ్మ ఇంకా దిగిరాలేదు.

"రంజాన్‌లో రోజా ఉపవాసం ఉండేదాన్ని, ఆ పట్టింపు నాకు తెలియదాండీ? ముందు దీపం పెట్టండి. గ్లాసుడు నీళ్ళు ఆయన ముందుంచి, తీర్థంలా పుచ్చుకుని దాంతోనే మాత్ర వేసుకోండి. ఆ తర్వాత మీ పూజ గంటసేపు చేసుకోండి. మాత్రకి కావాల్సింది ఆ గంటే."

మర్నాడు అమ్మ స్టూలు వేసుకుని అటకెక్కి అట్ట దింపింది. దీపం వెలిగించి, నీళ్ళు దేవుడి ముందుంచి, మాత్ర వేసుకుని పూజకు కూర్చుంది. నేను వంటింటి గుమ్మంలో గడియారం చూస్తూ నిలబడ్డాను. చలిజ్వరమొచ్చినా, పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఆ వరస తప్పలేదు. తర్వాతి పరీక్షల్లో థైరాయిడ్ దారికొచ్చింది, కొవ్వు కూడా మెల్లగా దిగింది. ఎండాకాలం వచ్చేసరికి అమ్మ మళ్ళీ నన్ను గట్టిగా కేకలేసి పిలిచేది. ఆ కేకలు వినడం ఎంత బాగుండేదో చెప్పలేను.

ఇప్పుడు ఆ జబ్బు నాకూ వచ్చింది. నాకు అంత పూజ లేదు. అందుకని మాత్ర వేసుకుని ఆ గంటా డాబా మీద నడుస్తాను. మొన్నొకరోజు నా కూతురు, ఎవరూ చెప్పకుండానే, ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో కాఫీ పట్టుకుని మురిసిపోతూ వచ్చింది. ఒక్క క్షణం నా చిన్నప్పటి చేతులే కనబడ్డాయి. మాత్ర తీసుకుని, కాఫీ కప్పు దాని చేతిలోనే ఉంచి, గడియారం చూపించాను. "కాపలా నీదే తల్లీ," అన్నాను.