పాటలాయన భార్య గాజులు

మా సిద్దిపేటకు రైలు వచ్చిందని ఊరంతా సంబరపడుతుంటే నేనూ వెళ్లి ఎక్కాను. కూరగాయల బండి దగ్గర నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు పడితే తప్ప కదలని మనిషిని కదా, టికెట్ కిటికీ దగ్గర కూడా అలవాటుకొద్దీ నోరు తెరిచి, లోపల కూర్చున్నాయన ముఖం చూసి మూసుకున్నాను. బండి కదిలాక ఎదురు సీటులో ఒకామె ఫోనులో యేసు కీర్తన పెట్టుకుంది. మాటలు చెవికెక్కకముందే రాగం పట్టుకుంది నన్ను. చీకట్లో దారి తెలియనివాడికి గొంతు వినిపించి పిలుచుకోమని దేవుణ్ణి అడిగే పాట అది. ఎవరు కట్టిందమ్మా అని అడిగితే, ఏమో, మొదటినుంచీ ఉన్నదే అంది. నాకు మాత్రం ఆ పాట కట్టినాయన భార్య చేయి గుర్తుకొచ్చింది.

మాది పాత బజారులో గాజుల దుకాణం. గల్లా దగ్గర నాయిన, చాప మీద కూర్చుని గాజులు తొడగడానికి అమ్మ, ధర దగ్గర గొడవ వస్తే నేను. నేను చెప్పే నాటికి నాకు పెళ్లీడు వచ్చింది, నోరు అంతకుముందే వచ్చింది. గాజులు తొడగడమంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మెటికలు నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, నొప్పి తెలియకుండా మాటల్లో పెట్టి ఎక్కించాలి. తొడుగుతుండగా పగిలితే ఆ నష్టం దుకాణానిదే. భర్త పోయిన ఆడదానికి మాత్రం తొడగకూడదు. తొడిగితే, ఆమె కూర్చున్న చాప మీద ముత్తైదువలు కూర్చోరు, దుకాణం మూసుకోవలసిందే అని నాయిన భయం.

పాటలాయన అని అందరూ పిలిచే ఆ మనిషిని నేను చూడలేదు. నారాయణరావుపేట దిక్కు ఊళ్లలో తిరుగుతూ పాటలు కట్టి, చదువురాని ఆడవాళ్లకు నాట్లు వేసే మడి గట్టునే నిలబడి నేర్పేవాడట. నా చిన్నతనంలో, జనగామ దిక్కున వాగు పొంగి వంతెన కొట్టుకుపోయి రైలు నీళ్లలో పడింది చూడండి, ఆ ఘోరంలో ఆయన పోయాడన్నారు. శవం దొరకలేదు. ఆయన భార్యకు గాజులు తొడగడానికి మా దుకాణానికి ఆ దొరకకపోవడమే ఆధారమైంది. ఏటా క్రిస్మస్ ముందు ఆమె వచ్చి చాప మీద కూర్చునేది. నాయిన గొణిగితే అమ్మ ఒకటే మాట అనేది. "శవాన్ని సూశినోళ్లెవలు? రేపు ఆయన వచ్చి వాకిట్ల నిలవడితె నువ్వు జవాబు చెప్తవా?" నాయిన గల్లాలోకి తల దించేవాడు. పాపం, ఇంకా రాకకోసం చూస్తోందని మేమంతా జాలిపడేవాళ్లం.

ఒక ఏడు ఆమె వచ్చిన వేళకే హుస్నాబాద్ నుంచి పెళ్లివారు దిగారు, పెళ్లికూతురు, తల్లి, తండ్రి. ఇంటిల్లిపాదికీ గాజులు కావాలి. అంత పెద్ద బేరం ఆ నెలలో అదే. నేను ధర ఆకాశంలో మొదలుపెట్టి, పెళ్లికూతురి తల్లి పాతాళంలో మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో కలుసుకోబోతున్నాం. పక్కనే అమ్మ పాటలాయన భార్య కుడిచేతికి తొడగడం ముగించి ఎడమచేయి పట్టుకుంది. నొప్పికి కొందరు మూలుగుతారు, కొందరు మొగుణ్ణి తిడతారు, ఆమె సన్నగా భర్త కట్టిన ఆ పాటే తీసేది, ఆ రోజూ తీసింది.

అంతవరకూ గోడకానుకుని కునుకుతున్న పెళ్లికూతురి తండ్రి లేచి కూర్చున్నాడు.

"గీ పాట నీకెక్కడిదమ్మా?"

ఆమె బదులు చెప్పకముందే ఆయనే మొదలుపెట్టాడు. వాగులో పడ్డ ఆ రైల్లో ఈయనా ఉన్నాడు. డబ్బా పక్కకు ఒరిగి నీళ్లు నిండుతున్నాయి, తలుపు ఏ దిక్కున ఉందో చీకట్లో ఎవరికీ తెలియదు. అప్పటికే బయటపడ్డ ఒక మనిషి మళ్లీ లోపలికి దిగాడట. గొంతు వచ్చిన దిక్కుకు రండని చెప్పి పాట అందుకున్నాడట. ఆ పాట పట్టుకుని పాకి ఈయన పైకి వచ్చాడు, ఇంకొందరు వచ్చారు. డబ్బా మునిగింది, పాట ఆగింది, ఆ మనిషి రాలేదు.

అమ్మ చేతిలో గాజు అక్కడే ఆగిపోయింది. ఆయన చావు చూసినవాడు ఇప్పుడు మా చాప ముందరే కూర్చున్నాడు. నాయిన ఒకసారి దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం దుకాణంలో అందరికీ తెలుసు. పెళ్లికూతురి తల్లి కూతురి భుజం పట్టుకుని లేపుతోంది.

పాటలాయన భార్య ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, చేయీ వెనక్కి తీసుకోలేదు.

"చెల్లె, ఆయన లేడని నాకెప్పుడో ఎరుకనే. ఊళ్లె ఎవరి మొగడు సచ్చినా, ఆడిదాని గాజులు పలగ్గొట్టొద్దని పోయి లొల్లి పెట్టెటోడు. గాయన పెండ్లాన్నై నేనే తీసేసుకుంటే ఎట్ల? తొడుగుతవా, లేసిపోవాల్నా చెప్పు."

అమ్మ నాయిన వైపు చూడలేదు, పెళ్లివారి వైపూ చూడలేదు.

"చెయ్యి వదులుగ పెట్టక్కా, బిగవడితె పలుగుతది" అంది.

పెళ్లికూతురి తల్లి చెప్పులు వేసుకుంది. నాయిన చెప్పుల్లేకుండానే ఆమె వెంట బజారులోకి పరుగెత్తాడు. పెళ్లికూతురి తండ్రి మాత్రం లేవలేదు, చాపకు ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. "ఆయన పాడినకాడికే విన్న నేను. ఎనక ఏమున్నదో జెర చెప్పవా తల్లీ" అని అడిగాడు. ఆమె మిగతా చరణాలు పాడింది, అమ్మ మిగతా గాజులు ఎక్కించింది. ఆ బేరం పోయింది. తర్వాత చాలాకాలం కొన్ని ఇళ్ల ఆడవాళ్లు మా గడప తొక్కలేదు.

ఇప్పుడు గాజులు అట్టపెట్టెల్లో వస్తున్నాయి, ఎవరికి వారే తొడుక్కుంటున్నారు. భర్త పోయిన ఆడవాళ్ల చేతులకేసి చూసేవాళ్లు తగ్గారు. ఆ మేరకు లోకం బాగుపడిందనే అంటాను. నన్ను తొలిచే సంగతి వేరే ఉంది. శవం దొరకలేదనే మాట నాయిన నోరు మూయించడానికే అమ్మ వాడుకుందా? ఏటా ఆ చేయి ఒళ్లో పెట్టుకుని మెటికలు నొక్కిన మనిషికి, అది ఎదురుచూసే చేయి కాదని తెలియకుండా ఉంటుందా? ఇద్దరికీ మొదటినుంచీ తెలిసి, ఒకరికొకరు చెప్పుకోకుండానే అన్నేళ్లు గడిపారేమో. గడప ఎక్కుతున్న మనిషి నడక చూసి ఎంతకు దిగుతుందో చెప్పగలనని గొప్పలు పోయిన నేను, పక్కనే కూర్చుని కూడా ఆ ఇద్దరి ముఖాలు చదవలేకపోయాను. అడుగుదామంటే ఇద్దరూ లేరు. చేతిలో చేయి పెట్టి కూర్చునే ఆ చాపలూ లేవు.